పేరు తిరగబడిన వారెంటు: టెక్సస్ పల్లె కౌంటీలో ఒక పాత టికెట్టు వెతుకులాట

"ఒకసారి పోలీసు ఆపాడండి. ఏదో కాగితం ఇచ్చాడు. తర్వాత ఏమీ రాలేదు."

గ్రీన్ కార్డు దరఖాస్తు నింపేటప్పుడు ఈ మూడు వాక్యాలూ చాలామంది నోట విన్నాను. మొదటి రెండూ నన్ను కంగారు పెట్టవు. మూడోది పెడుతుంది. అమెరికాలో ట్రాఫిక్ టికెట్టు కట్టకుండా వదిలేశాక ఏమీ రాలేదంటే, చాలాసార్లు అర్థం వచ్చినది మనకు చేరలేదని.

నేను డాలస్ దగ్గర ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌ని. లాయరును కాను. కాగితాలు వెతికి తెచ్చి, వరసలో పెట్టి లాయరు గారి ముందు ఉంచడం నా పని. ఇక్కడ రాస్తున్న కేసులో క్లయింటును గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు చెప్పను. కేసు చిన్నదే. ఒక స్పీడింగ్ టికెట్టు. కాని అది ఎక్కడుందో పట్టుకోవడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది, అందులో రెండు వారాలు నా తప్పు వల్ల.

క్లయింటు 2016 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి టెక్సస్ వచ్చాడు. ఆ డిసెంబరు సెలవుల్లో నలుగురు స్నేహితులతో కలిసి పాలో డ్యూరో లోయ చూడటానికి 287 నంబరు రహదారి మీద అమరిల్లో వైపు బయలుదేరారు. కారు స్నేహితుడిది, నడుపుతున్నది ఇతను, చేతిలో ఉన్నది ఆంధ్రప్రదేశ్ లైసెన్సు. విచిటా ఫాల్స్ దాటాక ఆ దారి తెలిసినవాళ్ళకు అక్కడి సంగతి తెలుసు. పత్తి చేల మధ్య 75 మైళ్ళ వేగంతో సాఫీగా పోతుంటాం. ఊరు దగ్గరపడుతుండగానే బోర్డు 55 అంటుంది, కాసేపటికి 45, ఆ వెంటనే 35. కాలు తీయడం ఆలస్యమైతే అద్దంలో నీలం ఎరుపు దీపాలు కనిపిస్తాయి. ఇతనికి అదే జరిగింది. ఆ తర్వాత చదువు, ఉద్యోగం, హెచ్-1బి, 2024లో అమెరికా పౌరురాలైన తెలుగమ్మాయితో పెళ్ళి. 2025 ఫిబ్రవరిలో మా ఆఫీసుకు వచ్చాడు.

గ్రీన్ కార్డు దరఖాస్తు అయిన ఐ-485 ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. మిమ్మల్ని ఏ పోలీసు అధికారి అయినా ఎప్పుడైనా అరెస్టు చేశారా, సైట్ (cite) చేశారా, అభియోగం మోపారా, అదుపులోకి తీసుకున్నారా అని. మనవాళ్ళ చూపు 'అరెస్టు' దగ్గరే ఆగిపోతుంది, కాదని టిక్కు పెట్టేస్తారు. ఆ 'సైట్' అన్న చిన్న మాటలో ట్రాఫిక్ టికెట్టు కూడా ఉంది. మామూలు టికెట్టు ఎవరి గ్రీన్ కార్డునూ ఆపదు. సంతకం పెట్టి లేదని చెప్పి, ఉన్నట్టు తర్వాత తేలితే మాత్రం ఆ లేదన్న మాటే పెద్ద గొడవ అవుతుంది. అందుకని లాయరు గారు నాకు ఒక్క వాక్యం రాసి పంపారు: "ఇది ఏ కోర్టులో ఉందో, ఇప్పుడు ఏ స్థితిలో ఉందో కనుక్కోండి."

తెరమీద ఏమీ లేదు

మన దగ్గర కోర్టు కేసుల స్థితి చూపే ఈ-కోర్ట్స్ సైటుకు అలవాటుపడినవాళ్ళకు ఇక్కడి తంతు ముందు అర్థం కాదు. అక్కడ కేసుకు 16 అక్షరాల, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది. అది ఉంటే జిల్లా కోర్టు కేసు అయినా, కింది మెజిస్ట్రేటు కోర్టు కేసు అయినా ఫోనులోనే వాయిదా తేదీ కనిపిస్తుంది. టెక్సస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి. వాటన్నిటి చిన్న కోర్టుల్నీ ఒకే చోట వెతికే ఏర్పాటు లేదు. ఒక్కో కౌంటీ తనకు నచ్చిన సాఫ్ట్‌వేర్ కొనుక్కుంటుంది. కొన్ని ఏమీ కొనుక్కోవు.

క్లయింటు మా దగ్గరకు వచ్చేముందే ఇంటర్నెట్‌లో డబ్బు తీసుకుని మనుషుల వివరాలు అమ్మే ఒక సైటులో వెతికాడు. "మీ పేరుతో 3 రికార్డులు దొరికాయి" అని ఊరించి, కార్డు నంబరు తీసుకున్నాక ఇంకో రాష్ట్రంలో ఉండే వేరే మనిషి చిరునామాలు చూపించింది. అలాంటి సైట్ల మీద నాకు గౌరవం లేదు. అవి ఎప్పుడో టోకున కొన్న సమాచారాన్నే తిప్పి తిప్పి అమ్ముతాయి. కొనలేని చోటి సమాచారం, అంటే సరిగ్గా మనకు కావలసిన పల్లె కౌంటీ సమాచారం, వాటి దగ్గర ఉండదు.

తర్వాత రాష్ట్ర ప్రజాభద్రత శాఖ వారి నేరచరిత్ర వెతుకులాట. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా వెతకవచ్చు. ఏమీ రాలేదు. రాదనీ నాకు తెలుసు. అందులోకి వెళ్ళేవి ప్రధానంగా క్లాస్ బి, అంతకు పై స్థాయి కేసులు. స్పీడింగ్ క్లాస్ సి, అంటే జరిమానాతో పోయేది, జైలు శిక్ష లేనిది. రాష్ట్రమంతటికీ ఉన్న రీసెర్చ్‌టెక్స్ అనే కోర్టు పత్రాల సైటు కూడా చూశాను. అది ముఖ్యంగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో దాఖలైన సివిల్ కాగితాలకు పనికొస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట పోలీసు చేత్తో రాసిన టికెట్టుకు కాదు.

మూడు చోట్లా ఏమీ లేదు. క్లయింటు ఊపిరి పీల్చుకున్నాడు. "అంటే లేనట్టే కదా మేడం?" అన్నాడు. ఉండే చోట ఇంకా వెతకలేదని చెప్పాను.

టోపీని బట్టి కోర్టు

టెక్సస్‌లో టికెట్టు ఎవరు రాశారన్నదాన్ని బట్టి అది ఏ కోర్టుకు పోయిందో తేలుతుంది. ఊరి పోలీసు రాస్తే ఆ ఊరి మున్సిపల్ కోర్టు. కౌంటీ షెరీఫ్ (కౌంటీ పోలీసు పెద్ద) మనిషి గాని, రాష్ట్ర ట్రూపర్ (రాష్ట్ర హైవే పోలీసు) గాని రాస్తే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టు. దీన్ని అందరూ జే.పీ. కోర్టు అంటారు. ఆపినవాడి బట్టలు ఎలా ఉన్నాయని క్లయింటును అడిగాను. కౌబాయ్ టోపీ అన్నాడు. ఆ ప్రాంతంలో ట్రూపర్లూ కౌబాయ్ టోపీలే పెడతారు, షెరీఫ్ మనుషులూ పెడతారు, గొడ్ల వ్యాపారులూ పెడతారు. కారు గుర్తుందా అంటే నలుపు తెలుపు అన్నాడు. అప్పుడు ట్రూపర్ అయ్యుండాలనుకున్నాను. అంటే జే.పీ. కోర్టు.

ఇక ఏ కౌంటీ? ఊరి పేరు ఇతనికి గుర్తులేదు. పాత ఫోను ఫోటోలు తీయించాను. పెట్రోలు బంకు దగ్గర అయిదుగురూ నిలబడి దిగిన ఫోటో ఒకటి దొరికింది. మధ్యాహ్నం 2 గంటల 52 నిమిషాలు, చోటు కూడా నమోదై ఉంది. "అక్కడ నుంచి పావుగంటకు ఆపాడు" అన్నాడు. పావుగంటకు 75 వేగంతో సుమారు 19 మైళ్ళు. మ్యాపులో కొలిస్తే బంకు నుంచి 14 మైళ్ళకు కౌంటీ సరిహద్దు. ఎనిమిదేళ్ళ కిందటి పావుగంట పది నిమిషాలూ కావచ్చు, ఇరవై నిమిషాలూ కావచ్చు. కాబట్టి రెండు కౌంటీలు.

ఇలాంటి చోట ఎవరిని అడగాలో తెలియక చాలామంది కౌంటీ క్లర్కుకు ఫోను చేస్తారు. టెక్సస్‌లో కౌంటీ క్లర్కు దగ్గర ఉండేవి భూమి దస్తావేజులు, పెళ్ళి లైసెన్సులు, కౌంటీ కోర్టు కేసులు. పెద్ద నేరాలు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. ఎనిమిది వేల లోపు జనాభా ఉన్న కౌంటీలో ఈ రెండు పనులూ సాధారణంగా ఒకే మనిషి చూస్తారు. కాని టికెట్లు ఈ ఇద్దరి దగ్గరా ఉండవు. జే.పీ. ఆఫీసు వేరు, తలుపు వేరు, ఫోను వేరు, కొన్ని చోట్ల ఊరే వేరు. జే.పీ.గా ఎన్నికయ్యే మనిషి లాయరు అయి ఉండనక్కర్లేదు. శవపంచనామా చేసే వైద్యాధికారి లేని కౌంటీల్లో ఆ పనీ ఈ జడ్జిదే. పెళ్ళిళ్ళు చేయించేదీ ఈయనే. నేను ఒకసారి ఫోను చేస్తే, ఎక్కడో రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే జడ్జి గారు అక్కడికి వెళ్ళారని క్లర్కు చెప్పింది.

ఫోనులో ఎలా అడుగుతామన్నది కూడా ముఖ్యం. "ఇతని మీద వారెంటు ఉందా" అని మొదలుపెట్టను. టెక్సస్ చట్టంలో అరెస్టు వారెంటు అమలైనప్పటి నుంచి దాన్ని జనానికి చూపాలని ఉంది. అమలు కాని వారెంటు సంగతి చెప్పడం, చెప్పకపోవడం ఆఫీసును బట్టి ఉంటుంది. సమాచార హక్కు చట్టం లాంటిది ఈ రాష్ట్రంలో ఉన్నా, అది కోర్టులకు వర్తించదు. కాబట్టి "ఈ పేరుతో కేసు ఉందా, ఉంటే నంబరెంత, ఏ అభియోగం, ఏ దశలో ఉంది" అని అడుగుతాను. క్లయింటు ఇప్పటి చిరునామా, ఉద్యోగం చెప్పను. అతన్ని మాత్రం ఫోను చేయవద్దని, అటు కారు తోలుకుని వెళ్ళవద్దని ముందే లాయరు గారు గట్టిగా చెప్పారు.

నేను చేసిన తప్పు

మొదటి కౌంటీలో క్లర్కు మొదటి రింగుకే ఎత్తింది. పేరు, పుట్టిన తేదీ చెప్పాను. తెలుగు ఇంటిపేరు ఫోనులో చెప్పడం ఒక వ్యాయామం. వి అంటే విక్టర్, ఎన్ అంటే నాన్సీ అంటూ 13 అక్షరాలు. రెండు నిమిషాల్లో ఆమె "ఏమీ లేదు" అంది.

రెండో కౌంటీలో నాలుగు రోజులు ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం 12 నుంచి 1 వరకు మూత, శుక్రవారం మధ్యాహ్నం తర్వాత మూత, ఉన్నది ఒకే క్లర్కు. అయిదో రోజు ఎత్తింది. మళ్ళీ 13 అక్షరాలు. మళ్ళీ "ఏమీ లేదు".

ఫైల్లో రాసుకున్నాను: "రెండు కౌంటీల్లోనూ నమోదు లేదు." వేరే పనిలో పడ్డాను. రెండు వారాల తర్వాత లాయరు గారు ఆ ఫైలు తెరిచి, ఆ వాక్యం మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి పక్కన రాశారు: "ఎవరు వెతికారు? ఏ స్పెల్లింగుతో? ఏ సంవత్సరం నుంచి ఉన్న రికార్డుల్లో?"

మూడింటిలో ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. పదకొండేళ్ళ అనుభవం అని చెప్పుకునే మనిషిని. సిగ్గేసింది.

ఆ సాయంత్రం క్లయింటును పాత ఆంధ్రా లైసెన్సు ఫోటో పంపమన్నాను. అది చూస్తూనే విషయం అర్థమైంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. కార్డు మీద ఇంటిపేరు, తర్వాత రెండు ముక్కల పేరు, చివర 'కుమార్' ఉన్నాయి. ఇది ఇంటిపేరు, ఇది పేరు అని విడదీసే గడులు లేవు. అమెరికా పోలీసుకు చివరి మాటే ఇంటిపేరు. అతని లెక్కలో ఇతని కుటుంబం పేరు కుమార్. ఇక పుట్టిన తేదీ కార్డు మీద 07-11 అని ఉంది. మనకు అది నవంబరు 7. ట్రూపర్‌కు జులై 11.

ఇతను తర్వాత తీసుకున్న టెక్సస్ లైసెన్సులో, పాస్‌పోర్టులో, హెచ్-1బి కాగితాల్లో పేరు, తేదీ సరిగ్గా ఉన్నాయి. నేను సరైన పేరుతో, సరైన తేదీతో వెతికించాను. అందుకే దొరకలేదు.

ఇది ఈ ఒక్క క్లయింటుతో ఆగే సమస్య కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు రెండో గడిలో రాయించుకున్నవాళ్ళకు అమెరికా వీసా మీద మొదటి పేరు 'ఎఫ్.ఎన్.యు.' అని వస్తుంది, పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడు అక్షరాలే పేరుగా టికెట్టు మీదకూ ఎక్కుతాయి. రెండు ముక్కల ఇంటిపేరులో ఒక ముక్క మధ్యపేరు అవుతుంది. 'సాయి' ఒక చోట మొదటి పేరు, ఇంకో చోట ఎక్కడా ఉండదు. పొడవైన పేరు పాత కంప్యూటర్ గడిలో పట్టక తోక తెగుతుంది. ఇప్పుడు వెతకమని అడిగేముందు ప్రతి క్లయింటు పేరుకూ కనీసం ఆరు రూపాలు రాసుకుంటాను, తేదీకి రెండు.

రెండో కౌంటీకి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి పేరుతో మొదలుపెట్టలేదు. 2016 డిసెంబరు మూడో వారంలో ట్రూపర్లు రాసిన స్పీడింగ్ టికెట్ల జాబితా చూడగలరా అని అడిగాను. క్లర్కు కాసేపు మౌనంగా ఉంది. తర్వాత నాకు ముందే తెలియవలసిన మాట చెప్పింది. 2019లో వాళ్ళ సాఫ్ట్‌వేర్ మారింది. అంతకు ముందువన్నీ కొత్తదానిలోకి ఎక్కలేదు. మిగిలినవి వెనక గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి. మర్నాడు చూసి చెబుతానంది, చెప్పినట్టే మర్నాడు తనే ఫోను చేసింది.

"కుమార్ అనే అతనొకడు ఉన్నాడు. పుట్టిన తేదీ మాత్రం జులై" అంది.

పెట్టెలో ఉన్నది

ఒకటి కాదు, రెండు కేసులు. మొదటిది 55 పరిధిలో 71 మైళ్ళ వేగం. రెండోది కోర్టుకు రాకపోవడం. టికెట్టు మీద సంతకం పెట్టడమంటే ఫలానా తేదీలోగా హాజరవుతానని మాట ఇవ్వడం. ఆ మాట తప్పడం ఇక్కడ వేరే నేరం. రెంటి మీదా 2017 ఏప్రిల్‌లో వారెంట్లు జారీ అయ్యాయి.

సర్టిఫైడ్ కాపీలు పోస్టులో వచ్చాయి. వాటితో పాటు ఒక కవరు ఫోటోకాపీ కూడా ఉంది. కోర్టు 2017 ఫిబ్రవరిలో ఇతనికి రాసిన ఉత్తరం అది. చిరునామాలో అపార్టుమెంటు సముదాయం నంబరు ఉంది, ఇంటి నంబరు లేదు. కింద పోస్టాఫీసు వాళ్ళ స్టిక్కరు: పంపినవారికి తిప్పి పంపండి. మూడు వందల ఇళ్ళున్న చోట ఇంటి నంబరు లేని ఉత్తరం ఇంకెక్కడికి పోతుంది? క్లయింటుకు ఆ కాగితం చూపిస్తే చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "అయితే నిజంగానే రాశారన్నమాట" అన్నాడు.

ఇతని టెక్సస్ లైసెన్సు రెన్యువల్ ఎందుకు ఆగలేదో కూడా అప్పుడు తెలిసింది. టికెట్టు వదిలేసినవాళ్ళ లైసెన్సు రెన్యువల్ ఆపించే పథకం రాష్ట్రంలో ఉంది. కోర్టు ఇతని పేరు దానికి పంపింది కూడా. కాని పంపింది జులైలో పుట్టిన కుమార్‌ని. అలాంటి మనిషికి టెక్సస్ లైసెన్సే లేదు. ఉద్యోగాల్లో చేరినప్పుడు జరిగిన తనిఖీల్లో బయటపడకపోవడానికీ కారణం ఇదే.

2017 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్ చట్టం మారింది. మొదటిసారి హాజరు కానివారి మీద వారెంటు ఇచ్చేముందు, 30 రోజుల్లోపు ఒక తేదీ ఇచ్చి ఫోనులో గాని ఉత్తరంతో గాని మళ్ళీ తెలియజేయాలి. డబ్బు కట్టలేకపోతే ఉన్న వేరే మార్గాలు కూడా ఆ నోటీసులో చెప్పాలి. ఇతని వారెంట్లు అంతకు అయిదు నెలల ముందువి. ఆ రక్షణ ఇతనికి దక్కలేదు. అదే మార్పులో వచ్చిన ఇంకో నియమం మాత్రం పనికొచ్చింది. వారెంటు అమలయ్యేలోపు మనిషి తనంతట తాను కోర్టు ముందుకు వచ్చి నిజాయితీగా పరిష్కరించుకోబోతే, హాజరు కానందుకు ఇచ్చిన వారెంటును జడ్జి వెనక్కి తీసుకోవాలి.

కట్టనివ్వలేదు

కోర్టు తన బాకీల వసూలుకు పెట్టుకున్న కంపెనీ లెక్క ప్రకారం మొత్తం 988 డాలర్లు. స్పీడింగ్ 225, రాకపోవడానికి 375, రెండు వారెంట్లకు 50 చొప్పున 100, లైసెన్సు ఆపించినందుకు 60, ఆ పైన 30 శాతం వసూలు రుసుము 228. క్లయింటు అక్కడే ఫోను తీసి కార్డుతో కట్టేస్తానన్నాడు. ఎనిమిదేళ్ళ భారం 988 డాలర్లతో దిగిపోతుందంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

లాయరు గారు వద్దన్నారు. టెక్సస్‌లో అలా జరిమానా కట్టేయడమంటే, అభియోగాన్ని కాదనను అని ఒప్పుకున్నట్టే, నేరం రుజువైనట్టే. ఆన్‌లైన్‌లో ఆ బటన్ నొక్కితే రెండు నేర నిర్ధారణలు పడతాయి, వాటిలో ఒకటి కోర్టును ఖాతరు చేయనందుకు. అప్పటి వరకూ ఇతను ఏ నేరమూ ఒప్పుకోలేదు, తీర్పు రాలేదు, వారెంట్లు తీర్పుకు ముందువి. తీర్పు వచ్చి జరిమానా కట్టనివారిపై ఇచ్చే వారెంటు వేరు, దాన్ని కేపియస్ ప్రో ఫైన్ అంటారు. ఫైల్లో ఏ రకం ఉందో చూడకుండా డబ్బు కట్టేవాళ్ళు ఎంతమందో.

ఆయన నాతో రెండు కేసుల్లోనూ ప్రమాణం చేసి రాసిన ఫిర్యాదు పత్రం కాపీలు అడిగించారు. మనిషి హాజరు కాకపోతే టికెట్టు ఒక్కటే సరిపోదు, ప్రమాణపూర్వకమైన ఫిర్యాదు కావాలి. జరిమానా కేసుల్లో దానికి రెండేళ్ళ కాలపరిమితి. స్పీడింగ్ ఫైల్లో అది సక్రమంగా ఉంది. రాకపోవడం కేసులో ఫారం ఉంది, పైన టైపు చేసిన అక్షరాలున్నాయి, కింద సంతకం గడి మాత్రం ఖాళీ. ప్రమాణం చేయించిన ముద్ర లేదు. ఏ వెబ్‌సైటులో వెతికినా దొరికేది కాదది. కాగితం చేతిలోకి వస్తేనే కనిపిస్తుంది.

పల్లె కౌంటీలో జే.పీ. కోర్టు కేసుల్లో ప్రభుత్వ పక్షాన నిలబడేది కౌంటీ అటార్నీ. మా లాయరు గారు ఆయనతో పది నిమిషాలు మాట్లాడారు. అందులో ఆరు నిమిషాలు ఆ ఏడాది వర్షాల గురించి. జడ్జి గారు వీడియోలో హాజరు కావడానికి ఒప్పుకున్నారు. ఏప్రిల్ రెండో వారంలో క్లయింటు మా ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని తెరమీద కనిపించాడు. వారెంట్లు రెండూ వెనక్కి వెళ్ళాయి. సంతకం లేని కేసును ప్రభుత్వమే కొట్టివేయమంది. స్పీడింగ్‌కు 90 రోజుల డిఫర్డ్ డిస్పోజిషన్ ఇచ్చారు. ఆ గడువులో మరో టికెట్టు లేకపోతే కేసు కొట్టివేస్తారు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. అభియోగాన్ని కాదననని చెప్పి, ఏదో ఒక శిక్ష గాని షరతు గాని ఒప్పుకుంటే, రాష్ట్రం తర్వాత కేసు కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని నేర నిర్ధారణగానే లెక్కిస్తుంది. స్పీడింగ్‌కు దానివల్ల పోయేదేమీ లేదు. కాని ఇదే జే.పీ. కోర్టులో, ఇదే క్లాస్ సి కింద, 100 డాలర్ల లోపు దొంగతనం కూడా వస్తుంది. షాపులో చిన్న వస్తువు బిల్లు వేయించకుండా తెచ్చి పట్టుబడిన విద్యార్థులకు "జరిమానాయే కదా, ఒప్పేసుకో" అని స్నేహితులు చెబుతుంటారు. ఆ సలహా వల్ల వీసా పోయేదాకా వచ్చిన కేసులు మా బల్ల మీదకు వచ్చాయి. ట్రాఫిక్ టికెట్టు గురించి ఇక్కడ రాసినది ఆ కేసులకు అన్వయించుకోవద్దు.

సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే విదేశీ విద్యార్థుల సెవిస్ (వాళ్ళ వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు వేల సంఖ్యలో రద్దయ్యాయి. 13 లక్షల పేర్లను జాతీయ నేర సమాచార కేంద్రం జాబితాతో పోల్చి చూస్తే 6,400 తగిలాయని ప్రభుత్వ అధికారే తర్వాత కోర్టులో చెప్పారు. కొట్టేసిన కేసులు, చిన్న ట్రాఫిక్ వ్యవహారాలు కూడా అందులో ఉన్నాయి. మన తెలుగు విద్యార్థులు చాలామంది ఆ నెలలో నిద్రపోలేదు. కోర్టుల్లో వరసగా దావాలు పడ్డాక, ఏప్రిల్ 25న రికార్డులు పునరుద్ధరిస్తామని ప్రభుత్వం చెప్పింది. మా క్లయింటు అప్పటికి విద్యార్థి కాదు, అది అతనికి వర్తించదు. అయినా ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోను చేశాడు. "నా వారెంటు నిజంగా పోయిందా మేడం? జాబితాలోంచి పోయిందా?"

వారెంటు ఎన్ని చోట్ల ఉంటుంది

మంచి ప్రశ్న అడిగాడు. మర్నాడు షెరీఫ్ ఆఫీసు డిస్పాచ్‌కు (రోడ్డు మీది పోలీసులకు సమాచారం అందించే చోటికి) ఫోను చేశాను. అప్పటికి జడ్జి ఉత్తర్వు ఇచ్చి తొమ్మిది రోజులు. జులైలో పుట్టిన కుమార్ మీద రెండు వారెంట్లూ అమలులో ఉన్నాయని డిస్పాచర్ చెప్పాడు.

కోర్టు వెనక్కి తీసుకుంది. కాని వారెంటు అసలు కాగితం షెరీఫ్ ఆఫీసు బీరువాలో ఉంది, వాళ్ళ కంప్యూటర్లో ఉంది. క్లర్కు పంపిన ఉత్తర్వు అక్కడికి చేరలేదో, చేరినా ఏదో ట్రేలో ఆగిందో. రోడ్డు మీద ఆపిన పోలీసుకు కనిపించేది కోర్టు ఫైలు కాదు, షెరీఫ్ జాబితా. ఆ రోజు ఇతను ఆ దారిలో వెళ్ళి ఉంటే, కొట్టేసిన కేసులోని వారెంటుతో ఆ రాత్రి కౌంటీ జైల్లో ఉండేవాడు. క్లర్కుతో మళ్ళీ మాట్లాడాను. ఆవిడ నొచ్చుకుని, ఉత్తర్వును అప్పటికప్పుడు ఫ్యాక్స్ చేసింది. ఆ రెండు ఆఫీసుల మధ్య ఇంకా ఫ్యాక్సే నడుస్తోంది. రెండు రోజుల తర్వాత డిస్పాచర్ "కనిపించడం లేదు" అన్నాడు. అతని పేరు, సమయం, ఏ స్పెల్లింగుతో వెతికాడో రాసుకున్నాను.

లైసెన్సు ఆపే పథకం వాళ్ళకు విడిగా, వసూలు కంపెనీకి విడిగా కాగితాలు పంపాం. వసూలు కంపెనీ మూడు ఉత్తరాల తర్వాత గాని ఊరుకోలేదు.

జులైలో గడువు ముగిసి స్పీడింగ్ కేసు కూడా కొట్టేశారు. సర్టిఫైడ్ ఉత్తర్వు వచ్చింది. పేజీకి ఒక డాలరు, కింద ఉబ్బెత్తు ముద్ర. అది ఐ-485తో జతపరచడానికి ఫోటోకాపీ తీస్తూ పేరు చదివాను. కుమార్. జులై 11.

కేసు పెట్టింది ఆ పేరు మీద, కొట్టేసింది కూడా ఆ పేరు మీదే. ఇమ్మిగ్రేషన్ అధికారి చేతిలో పెడితే "ఇది మీరేనని ఏమిటి రుజువు" అంటాడు. కాదని చెప్పుకోవడానికి ఎనిమిదేళ్ళు పనికొచ్చిన తప్పు, ఇప్పుడు ఔనని చెప్పుకోవడానికి అడ్డం వచ్చింది. లాయరు గారు సవరణ కోరుతూ దరఖాస్తు వేశారు. పాత ఆంధ్రా లైసెన్సు, పాస్‌పోర్టు, టెక్సస్ లైసెన్సు మూడూ జత చేశాం. ఆగస్టులో జడ్జి గారు సవరించిన ఉత్తర్వు పంపారు. అందులో రెండు పేర్లూ, రెండు తేదీలూ పక్కపక్కన ఉన్నాయి, ఇద్దరూ ఒకరేనని కింద ఒక వాక్యం ఉంది.

ఫారంలో ఆ ప్రశ్నకు ఔనని టిక్కు పెట్టాం. వివరణ అరపేజీ, ఉత్తర్వు రెండు పేజీలు. ఇంకో సర్టిఫైడ్ కాపీ ప్లాస్టిక్ కవరులో పెట్టి క్లయింటుకు ఇచ్చాను. కారు గ్లవ్ బాక్సులో ఇన్సూరెన్సు కాగితం వెనక పెట్టుకున్నానని, భార్యకు కూడా చోటు చూపించానని ఫోను చేసి చెప్పాడు. సెలవుల్లో పాలో డ్యూరో మళ్ళీ వెళ్దామని ఆమె అంటోందట. 287 కాకుండా వేరే దారి ఏదైనా ఉందా అని నన్ను అడిగాడు.